పీకేసిన డ్రైవర్లు

అలెగ్జాండ్రియాలోని ఆ సరుకుల గోదాంలో లెక్కలన్నీ సర్వర్‌లోని ఒక వర్చువల్ మెషీన్ నడుపుతుంది. దాని ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నల్‌ని కొత్తది పెట్టాక, పొద్దుటి నుంచి అది లేవడం లేదు. పెద్ద ఇంజనీరు షౌకీ టీ గ్లాసుని తన కింద పనిచేసే నగ్వా బల్ల మీద ఠక్కున పెట్టాడు.

“నువ్వు కంపైల్ చేసిన కొత్త కెర్నల్‌కి డిస్కే కనబడట్లేదట, ఇంజనీరమ్మా. బయట లారీలు బారులు తీరాయి.”

“వర్చువల్ డిస్కుని గుర్తుపట్టే డ్రైవర్ అందులో లేదు.”

“ఎందుకు లేదు?”

“అక్కర్లేని డ్రైవర్లు పీకేసి తేలిక చెయ్యమన్నది మీరేగా. వాడకంలో ఉన్నవాటి జాబితా తీసి, అవే ఉంచాను.”

“ఆ మెషీన్ ఇన్నాళ్లూ డిస్కు లేకుండానే నడిచిందా? జాబితాలో ఆ డ్రైవర్ ఉండి తీరాలి.”

“జాబితా తీసింది ఆ మెషీన్‌లో కాదు.”

“ఏ గాడిదైనా అసలు మెషీన్‌ని వదిలేసి ఇంకోదాంట్లో తీస్తుందా? ఎవడు చెప్పాడు నీకు?”

నగ్వా నిన్నటి మెయిల్ తెరిచి, తెరను అతనివైపు తిప్పింది.

“మూడుసార్లు అనుమతి అడిగాను. ‘సర్వర్ జోలికి రాకు, నా లాప్‌టాప్‌లో తీసుకో, అన్నీ ఒకటే’ అని రాశారు. కాస్త పైకి చదవండి, అందరూ వింటారు.”

షౌకీ తెరను మళ్లీ ఆమెవైపు తిప్పేశాడు.

“ఈ కెర్నల్ మామూలు డిస్కున్న మీ లాప్‌టాప్‌లో మాత్రం చక్కగా నడుస్తుంది,” అంది నగ్వా. “తీసుకెళ్లి లారీవాళ్లకి చూపించండి.”