బస్టాపు మీది పేరు

మల్ల జారి పడ్డడనే రాస్తుండ్రా సారూ? ఆగుండ్రి! ఆ కలం జర ఆపుండ్రి. జారి పడుడు తప్ప మా ఇంటోళ్లకు ఇంకోటి రాసిపెట్టలేదా ఏంది?

వాడట్లనే చెప్పిండా? చెప్తడు. నెత్తికి కుట్లు పడ్డోడు ఏం చెప్తే అదే నమ్ముతరా?

నేను పుష్పమ్మను సారూ, జయరాజు పెండ్లాన్ని. ఈ దవఖాన్ల ఆ మంచం మీదున్నోడు నా కొడుకు నవీను. నా మొగడు సచ్చిననాడు మీరీడ లేరు, టేషన్ల మీ కుర్చీల వేరే సారుండె. గా సారు గూడ గిట్లనే రాసిండు, ట్రాక్టరు మీదికెళ్లి జారి పడ్డడని!

ట్రాక్టరేడిది? పత్తి చేన్ల, మోటరు కాడ, కూలోళ్లందరు చూస్తుండంగ దేవరాజు పారతోని నెత్తి మీద కొట్టిండు. ఆయన చేనే, ఆయన పారే. పత్తిపూలకు పుప్పొడి రుద్దే క్రాసింగు పనికొచ్చిన పోరిని ఆయన కొట్టబోతుంటే, ఆయనకాడ జీతమున్న నా మొగడు అడ్డం పోయి చెయ్యి పట్టుకున్నడు. గంతే! చెయ్యి పట్టుకున్నందుకు పాణం తీసిండు. ఆ రక్తం నా కొంగంత అయింది. ఆ చీర ఇంక ఉతకలే నేను.

ఏడాది తిరిగినంక దేవరాజు మా ఊరికి బస్టాపు కట్టిచ్చిండు. బోర్డు మీద ఏం పెట్టిచ్చిండో చూసిన్రా? ‘కీర్తిశేషులు జయరాజు జ్ఞాపకార్థం, దాత: దేవరాజు.’ సంపినోడే దాత! జనం దాని నీడకు కూసొని, ‘ఎంత మంచి మనసమ్మా ఆయనది’ అని నాతోనే అంటరు. కడుపు మండదా సారూ?

ఆ అక్షరాలు కోసి అంటిచ్చిందెవరనుకున్నరు? నా కొడుకే! గద్వాలల రేడియం షాపుల పని వానిది. ట్రాక్టర్లకు, ఆటోలకు స్టిక్కర్ పేర్లంటిస్తడు.

నాకు సదువు రాదు. సమాధి మీద చూసి చూసి నా మొగని పేరొక్కటే గుర్తు. స్టిక్కరు సల్లగున్నప్పుడు గుంజితే తునకలైతదని, రేకు ఎండకు కాగినంక కొస పట్టి లేపితే తోలు తీరుగ ఒలిసొస్తదని మా నవీనే ఎప్పుడో చెప్పిండు. నిన్న మిట్టమధ్యాహ్నం నిచ్చెన ఏసుకొని ఎక్కిన. గోర్లు లేసినయ్. అయినా ఒలిసిన. గమ్ము గూడ పెట్రోలు బట్టతోని తుడిసిన. దేవరాజు పేరు ముట్టలే సారూ, వాని పేరు వాడుంచుకోనీ. నా మొగడు సచ్చినంక గూడ వానికాడ జీతముండాల్నా?

దేవరాజు కోపం గూడ చెయ్యలే. నవ్విండంట! షాపుకు ఫోన్ చేసి, ‘అంటిచ్చినోన్నే మల్ల పంపు’ అన్నడంట. పొద్దుగాల నేను పోయి చూస్తే నా కొడుకు నిచ్చెన మీదున్నడు. ‘జ’ అయింది, ‘య’ అయింది.

దిగురా అన్న. దిగలే. ఏమన్నడో ఎరుకేనా? ‘కొట్టినోనికి ఎట్లాగు ఏం గాలే. నాయిన పేరన్న ఊర్ల ఉండనీ అమ్మా’ అన్నడు. ‘సంపినోని బోర్డు మీదనా?’ అని ఒర్లిన. ‘ఏడైతేంది, నాకు చూడబుద్ధైతది’ అనుకుంట ఇంకో అక్షరం తీసిండు.

బయట గేటు కాడ దేవరాజు కారు నిలవడ్డది, చూసిన్రు గద? పండ్లు తెచ్చిండంట, సిగ్గులేనోడు! మావోళ్లేమో నా చెవుల ఒకటే పోరు. ‘వాడే నూకిండని చెప్పు పుష్పమ్మా, ఇప్పుడన్న లోపలేస్తరు’ అని. నాకూ నోటిదాకొచ్చింది. మస్తు ఆశైంది.

కానీ వాడు గాదు సారూ. నేను.

రెండు చేతులతోని నిచ్చెన గుంజిన. జారలే వాడు, గుంజిన! ఆ గడియల పైనున్నది నా కొడుకు లెక్క కనవడలే, దేవరాజు చెయ్యి లెక్క కనవడ్డది. అరుగు అంచుకు నెత్తి కొట్టుకొని కొబ్బరికాయ పలిగినట్టు సప్పుడైంది. నేను కొడుకును చూడలే, ముందుగాల బోర్డు దిక్కే చూసిన. ఎసొంటి తల్లిని!

ఈడ సిస్టరమ్మ అంగీ కత్తిరిస్తే వాని రొమ్ముకు ‘రా’ అంటుకోనుండె. రక్తంల నానినా ఊడలే. నేనే ఒలిసిన, కొస పట్టి, మెల్లగ. అప్పుడేడ్చిన.

ఏంది సారూ, గట్ల చూస్తరు? తల్లే గుంజిందని రాయుండ్రి. జైలుకు పోత, ఏమాయె! మా ఇంట్ల పడ్డోన్ని ఎవరు పడగొట్టిన్రో ఒక్కసారన్న నిజం రాయుండ్రి.

ఏలిముద్ర యాడ ఎయ్యాలె? జరాగుండ్రి, ఏలుకు ఇంక గమ్ము పోలే. తుడుసుకొని ఏస్త.