ఎప్పుడూ తెరిచే ఉండే తలుపు

పొద్దున్నే పడకగది. అద్దం ముందు దువ్వెన పట్టుకుని ప్రొఫెసరు. ఇస్త్రీ బల్ల దగ్గర ఆయన భార్య.

“...కనుక మీరు మా శాఖకు విద్యార్థులు కారు, కుటుంబ సభ్యులు. నా గది తలుపు మీకోసం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఎలా ఉంది?”

“నిరుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఆ దువ్వెన నోటికి మరీ దగ్గరగా పెట్టకండి, నిండా చుండ్రు.”

“మైకు అనుకోవే. ఇప్పుడు జోకు. క్లాసులో నిద్రపోండి, తప్పులేదు. గురక మాత్రం పెట్టకండి, పక్కవాళ్ళు లేస్తారు. ఇక్కడ నువ్వు నవ్వాలి.”

“ఆ జోకుకి నవ్వీ నవ్వీ నా దవడలు అరిగిపోయాయండీ. మీరు బయల్దేరేలోపు ఒక మాట చెప్పాలి.”

“చొక్కా కాల్చావా?”

“లేదు.”

“అయితే సాయంత్రం చెప్పు. కొత్త బ్యాచిని తలుచుకుంటేనే చిరాకు. ఒక్కడికీ రెండు వాక్యాలు తిన్నగా రాయడం రాదు. వాళ్ళ మొహాలకి పూలిచ్చి స్వాగతాలొకటి.”

“ఇందాక కుటుంబ సభ్యులన్నది ఆ మొహాలనే కదా?”

“అది మైకులో మాట.”

“మొన్న ఒకావిడ మీ గదికి వచ్చిందట. కొత్తగా చేరినావిడ. హెడ్డుని కలిసి వెళ్ళమన్నారని.”

“ఆఁ, కొత్త అటెండరు చెప్పాడు, ఎవరో నడివయసావిడని. ఆ వయసులో ఎమ్మే ఏమిటి, చోద్యం కాకపోతే. మీటింగులో ఉన్నానని చెప్పి పంపించెయ్యమన్నాను.”

“ఎవరితో మీటింగు?”

“ఎవరితో ఏమిటి? మీటింగంటే మీటింగే.”

“గోళ్ళు తీసుకుంటున్నారట కదా. టిక్కు టిక్కుమని బయటికి వినిపించిందట. ఒక ముక్క తలుపు కింది సందులోంచి వచ్చి ఆవిడ చెప్పు మీద పడిందట.”

“ఛీ. ఎవరు చెప్పారు నీకు?”

“వంటింట్లో పొద్దుపోని ఆడవాళ్ళకి నా శాఖే దొరికిందా అన్నారట. అదీ వినిపించింది.”

“అన్నానేమో. తప్పేముంది? అసలు ఆవిణ్ణి కాదు, ఆవిడ మొగుణ్ణి అనాలి. పెళ్ళాం ఏం చేస్తోందో కూడా తెలీదు కాబోలు దద్దమ్మకి.”

“తెలీదండీ. ఏదైనా చెప్పబోతే సాయంత్రం చెప్పమంటాడట.”

“చూశావా మరి.”

“ఇవాళ సభకి వెళ్ళనా, చదువే మానెయ్యనా అని ఆవిడ మొన్నటినుంచీ ఊగిసలాడుతోంది. గోరు మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చి అన్నం సయించడం లేదు.”

“మానేస్తే పీడా పోతుంది. ఆ చొక్కా ఇలా తే. ఇంతకీ ఆవిడ సంగతంతా నీకెలా తెలుసు? మన వీధిలో ఉంటుందా?”

“మన వీధే. మీ జాబితాలో మన ఇంటిపేరు లేదు కనుక మీకు తట్టి ఉండదు. సర్టిఫికెట్లన్నీ పుట్టింటి పేరుతోనే ఉన్నాయి.”

“మన ఇంటిపేరేమిటి, ఆవిడకి మన... నువ్వు... ఏమే?”

“గుండీ తప్పు కన్నంలో పెట్టారు, విప్పి మళ్ళీ పెట్టుకోండి. బండి మీద నన్నూ ఎక్కించుకోండి, ముందు వరుసలో కూర్చోవాలి. జోకుకి నవ్వుతాను లెండి, అలవాటే. తలుపు మాట దగ్గర మాత్రం నా వైపు చూసి చెప్పండి, సార్.”