మనవాళ్ళం కదా

ఫ్రెస్నోలో కాలేజీ హాస్టల్, బట్టలుతికే గది. ఆదివారం మధ్యాహ్నం. ఎలియాసర్, నెఫ్తాలీ.

“స్కాన్ చూశావా లేదా? ఇదిగో, ఇది తల. ఇది... ఇదీ తలేనేమో. నిమ్మకాయంత ఉందిరా నెఫ్తాలీ!”

“చూశాన్రా. ఫోన్ పక్కన పెట్టు.”

“మూడో నెలకి అంతే ఉంటుందట. అరసెలి ఫ్రిజ్‌లోంచి నిమ్మకాయ తీసి ముద్దు పెట్టుకుంది, తెలుసా? రేపు రక్తం తీస్తారట. సూదంటే చచ్చే భయం తనకి. మా పెళ్లింకా రెండు వారాలుంది, అప్పుడే పేర్లు వెతుకుతోంది. బాప్తిస్మం నాడు బిడ్డని ఎత్తుకునేది నువ్వే. ఇక నుంచి నువ్వు నాకు కొంపాద్రేవి, నా బిడ్డకి జ్ఞానతండ్రివి.”

“నాకు సిఫిలిస్ అట.”

“ఏంటి?”

“శుక్రవారం చెప్పారు.”

“ఒరేయ్! ప్రతి బుధవారం నేను చెప్పే సుఖవ్యాధుల క్లాసులో ముందు వరసలో కూర్చుంటావు గదరా! అరటికాయకి తొడుగు వేసి చూపిస్తే అందరికన్నా గట్టిగా నవ్వింది నువ్వే!”

“నవ్వాను.”

“సరే. సరే. భయపడకు. ఇంజెక్షన్ ఇచ్చారా?”

“ఇచ్చారు. ఇంకా సరిగ్గా కూర్చోలేకపోతున్నా.”

“పోతుంది, చావవు. మీ అమ్మకి మాత్రం చెప్పకు, కొవ్వొత్తి వెలిగించి పేటంతా చాటుతుంది. ఇప్పుడు ముఖ్యం ఏంటంటే, నువ్వెవరితో ఉన్నావో వాళ్ళకి చెప్పాలి. పుండు నొప్పుండదు, దానంతటదే మానిపోతుంది, తగ్గిందిలే అనుకుంటారు...”

“నీ పాఠం నాకు నోటికొచ్చు.”

“అయితే చెప్పు. ఎవరు? ఆ బేకరీ పిల్లా?”

“పిల్ల కాదు.”

“...సరే. ఎవరైతేనేం. క్లినిక్ వాళ్ళకి పేరిస్తే వాళ్ళే ఫోన్ చేస్తారు, నీ పేరు ఎత్తరు.”

“అడిగారు. ఇవ్వలేదు. నేనే చెబుదామని.”

“అదీ మగాడంటే. ఎప్పటి సంగతి?”

“పిస్మో బీచ్‌కి వెళ్ళినప్పుడు.”

“...మెషిన్ ఆగినట్టుంది. బట్టలు తీస్తా.”

“ఆగలేదు. కూర్చో.”

“పిస్మోలో ఏం జరగలేదు.”

“ఎలియాసర్.”

“తాగాం. పడుకున్నాం. ఏం జరగలేదని అప్పుడే అనుకున్నాం గదా!”

“ఆ రాత్రి నీ సంచీలో బుధవారం క్లాసు కోసం రెండొందల తొడుగులున్నాయి. ఒకటి తియ్యమన్నాను. నువ్వేమన్నావు?”

“ఊరుకోరా.”

“‘అవి బయటివాళ్ళతో. మనం మనవాళ్ళం కదా’ అన్నావు.”

“మెల్లిగా! తలుపు తీసుంది.”

“రేపే పరీక్ష చేయించుకో. నేనూ వస్తా.”

“నాకేం లేదు. ఏ పుండూ లేదు.”

“అరచేతులు చూపించు.”

“మెస్సులో గిన్నెలు తోముతున్నా గదా. ఆ సబ్బు పడట్లేదు.”

“నావి చూడు. ఇవే మచ్చలు, దురద లేదు. నువ్వు క్లాసులో చూపించే బొమ్మల్లో ఏడోది ఇదే.”

“సబ్బేరా!”

“కడుపులో బిడ్డకి కూడా అంటుకుంటుంది. అదీ నీ పాఠమే.”

“సబ్బే అనుకున్నాం. ఇద్దరం సబ్బే అనుకున్నాం.”

“ఇద్దరం అంటే?”

“రోజూ తన అరచేతుల మీది మచ్చలకి క్రీం నేనే రాస్తున్నాను... అరసెలి ఆ సబ్బు ఏనాడూ ముట్టుకోలేదురా.”