ఇంజను మీది గది

మామగారు పోయిన రోజునే ఆ ఇంట్లోంచి గురక కూడా పోయింది. ఆనాటి నుంచి అత్తగారికి సరైన నిద్ర లేదు. ఆమెనెలాగైనా ఓడ ప్రయాణానికి ఒప్పించాలని కోడలు పక్కన కూర్చుని, ఫోనులో గదుల పటం తెరిచింది.

"బాల్కనీ గది తీసుకుందాం అత్తయ్యా. తలుపు తీస్తే సముద్రమే."

"నేను రానన్నానుగా. ఇంట్లో పట్టని నిద్ర నీళ్ళ మీద పడుతుందా?"

"ఈ గది మహా నిశ్శబ్దంగా ఉంటుందట."

"ఇంకేం, తెల్లవార్లూ కళ్ళప్పగించి కూర్చుంటా. ఈ చివరి గది ఖాళీగా ఉందేం?"

"అది వద్దులెండి. కిందే ఇంజను. రాత్రంతా గుర్రుమంటుందని దిగినవాళ్ళందరూ తిట్టిపోశారు."

"రాత్రంతానా? మధ్యలో ఆగదూ?"

"ఆగదట. మంచం కూడా అదురుతుందట."

"మీ మామయ్య మాత్రం తక్కువ అదరగొట్టారా! అదే తీసుకో."

"అంటే, వస్తున్నారా అత్తయ్యా?"

"నవ్వింది చాలుగానీ, ఎవరైనా తన్నుకుపోకముందే నొక్కు."

కోడలు కళ్ళు తుడుచుకుని నొక్కింది.

"మరి నువ్వూ, మా అబ్బాయీ?"

"దాని పక్కది తప్ప ఎక్కడైనా సరే."

వాళ్ళిద్దరి గది మాత్రం ఇంకా ఎంచుకోవలసే ఉంది.