తిరిగితేనే సంతకం

నా ఈ వీడ్కోలు సభకు పెద్దదిక్కుగా కూర్చున్న సూపరింటెండెంటు గారికి, వాచీలు చూసుకుంటున్న డాక్టర్లకు, కాఫీ ఎప్పుడా అని చూస్తున్న మా కొనుగోళ్ల విభాగం పిల్లలకు, తలుపు దగ్గర నిలబడ్డ ఎలక్ట్రీషియను తమ్ముడికి, అందరికీ నమస్కారం.

నా వెనకాల మీరు నన్ను 'అత్తగారు' అంటారని నాకు తెలుసు. (నవ్వులు) నవ్వండి, ఇవాళ్టితో మీకూ నాకూ విముక్తి. మన ఆసుపత్రిలో టెండరు తెరిచిన రోజు ఫొటోలు, ఒప్పందం కుదిరిన రోజు స్వీట్లు. మర్నాటి నుంచి ఆ వస్తువు ఏమైందని అడిగే నాథుడుండడు. అదిగో, ఆ మూల కూర్చున్న మావారే ఓసారి అన్నారు, "పెళ్లికి చేసే హడావిడి కాపురానికి చెయ్యరేమే మీ ఆఫీసులో?" అని. అప్పటి నుంచే పిలవకపోయినా కాంట్రాక్టర్ల షెడ్లకు వెళ్లి స్టూలేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. వార్డు మంచాలకు రంగు వెయ్యకముందే ఎక్కి పడుకుని చూశాను. కిర్రుమన్నవి అక్కడే ఆగిపోయాయి. మెచ్చుకోళ్లు మాత్రం ధర తగ్గించినవాళ్లకే దక్కాయి, పోనివ్వండి.

ఇక ఆపరేషన్ థియేటరు కోసం కొన్న ఈ జనరేటరు. లారీ దిగగానే కాంట్రాక్టరు గారు, "వచ్చేసింది కదమ్మా, సంతకం పెట్టండి" అన్నారు. "వచ్చినందుకు కాదండీ, కరెంటు పోయినప్పుడు తిరిగినందుకు పెడతాను. ఒప్పందంలో అలాగే రాసుకున్నాం" అన్నాను. సూపరింటెండెంటు గారూ, మీరు కూడా "వెళ్లిపోయే ముందు ఈ గొడవెందుకమ్మా, పెట్టేయరాదూ" అన్నారు. తప్పుపట్టడం లేదు. కానీ పాత జనరేటరు మొరాయించిన రోజు సర్జను గారు సెల్‌ఫోను వెలుతురులో కడుపుకు కుట్లు వేశారు. ఆ మనిషి బతికాడు కాబట్టి అందరూ మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. ఇది తేలకుండా నేను వెళ్లిపోతే, కొత్తగా వచ్చేవాళ్లు వచ్చిన సరుకు చూసి సంతకం పెట్టేస్తారేమోనని నాకు నిద్రపట్టేది కాదు.

మొదటి పరీక్షలో దగ్గింది, రెండోదాంట్లో పడుకుంది. కాంట్రాక్టరు గారు నన్ను తిట్టుకుంటూనే భాగాలు మార్చారు. ఈ హాలుకూ థియేటరుకూ ఒకే లైను. థియేటరు ఖాళీగా ఉందని కనుక్కునే వచ్చాను. తమ్ముడూ, ఇక కానివ్వు.

(దీపాలు ఆరిపోయాయి. మైకు మూగబోయింది. హాల్లో కలకలం. అంతలో బయట ఇంజను అందుకుంది, దీపాలు వెలిగాయి.)

కంగారుపడకండి, కరెంటు నేనే ఆపించాను. వినిపిస్తోందా? థియేటరుకు ఫోను చేశారా సిస్టరూ, అక్కడా వెలిగిందా? తల ఊపుతున్నారు. అమ్మయ్య.

కాంట్రాక్టరు గారూ, ఆ కాగితం ఇటివ్వండి. (చప్పట్లు) ఇన్నాళ్లూ ఈ అత్తగారిని భరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. మీ కాఫీలయ్యేదాకా జనరేటరు ఆపకండి, ఆ చప్పుడు వింటూ ఇంటికి వెళ్తాను. సెలవు.