థోంగ్‌దమ్ చేతి దారాలు

నా పేరు బువావన్. వయసు ముప్పై నాలుగు. ఖోంగ్ జిల్లాలో, నది మధ్యనున్న డోన్ ఫాయ్ దీవిలో ఉంటాను. చేపలు ఊరబెట్టి సంతలో అమ్ముతాను. మా ఆయన పేరు థోంగ్‌దమ్, చేపలు పడతాడు. ఆయన ప్రాణాలను నేను దొంగిలించానని ఆయన అక్క చాన్‌పెంగ్ మీ పోలీసు ఠాణాలో ఫిర్యాదు చేసింది. నన్ను కార్జం తినే దయ్యం అని కూడా అంది. దానికి జవాబు చెబుతున్నాను.

ఏడాదిగా మా ఆయన పొట్ట పెరుగుతూ వచ్చింది. కాళ్ళూ చేతులూ చిక్కిపోయాయి. రేవులో ఆడవాళ్ళు "ఎన్నో నెల?" అని ఆటపట్టిస్తే "కవలలు" అనేవాడు. ఎండాకాలంలో నది తగ్గి బండలు బయటపడితే, రోజంతా మోకాటి లోతు నీళ్ళలో నిలబడి వలలు సర్దేవాడు. ఆ నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. బండలకు బియ్యపు గింజంత నత్తలు పట్టుకుని ఉంటాయి. నేనూ అక్కడే కూర్చుని చేపలు కడిగేదాన్ని. ఆ నీళ్ళు మాకు చెడు చేస్తాయని నాకెప్పుడూ అనిపించలేదు. ఇప్పటికీ అనిపించడం లేదు.

ఒంట్లో పురుగులు చావడానికి ఆరోగ్యశాఖ వాళ్ళు ఏటా ఆ రోజుల్లోనే మాత్రలు ఇస్తారు. గీతలు గీసిన కర్ర పక్కన నిలబెట్టి, ఎత్తును బట్టి ఇన్ని అని చేతిలో పెడతారు. నేను మింగేదాన్ని. ఆయన ఆ రోజు పొద్దున్నే పడవ వేసుకుని పోయేవాడు. "అవి మింగితే తల తిరుగుతుంది. నీళ్ళలో నిలబడేవాడికి తల తిరిగితే ఎలాగే?" అనేవాడు.

శుక్రవారం వదిన ఇంట్లో ఆయనకు దారాలు కట్టించాం. ఒంట్లోని ముప్పై రెండు ప్రాణాలు చెదిరిపోయాయని, పిలిచి మణికట్టుకు కట్టెయ్యాలని వదిన పట్టుబట్టింది. ఊరంతా వచ్చి తలా ఒక తెల్లదారం కట్టారు. మూడు రోజులు విప్పకూడదు. ఆ తరవాతైనా కొయ్యకూడదు.

మర్నాడు పొద్దున ఏడింటికి జిగురన్నం తింటూ ఆయన దగ్గాడు. నెత్తురు వచ్చింది. చాలా వచ్చింది. అన్నం బుట్టలో పడింది. నేను బుట్టకు మూత పెట్టాను. ఎందుకు పెట్టానో నాకు తెలియదు.

పడవలోనూ తరవాత వ్యానులోనూ పాక్సే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వదిన కూడా వచ్చింది. దారి పొడుగునా ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. "నది నా లోపలికి వచ్చేసిందే" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. రోడ్డు కూడా నీళ్ళలాగే కదులుతోంది.

ఆసుపత్రిలో నర్సు కత్తెర తీసింది. "అక్కా, సూది గుచ్చాలి, దారాలు అడ్డం" అంది. కొయ్యొద్దన్నాను.

"అయితే విప్పు. తొందరగా. మనిషి తెల్లబడిపోతున్నాడు."

"మూడు రోజులు కాలేదు, ముట్టుకోకు" అని వదిన నా జబ్బ పట్టుకుంది. విదిలించుకున్నాను. అది నిజం. గోళ్ళతో, పళ్ళతో విప్పాను. విప్పినవి నా మణికట్టుకు చుట్టుకున్నాను. నేల మీద పెట్టలేను కదా. ప్రాణాలు కదా. సూది దిగింది. ఎవరిదో నెత్తురు ఆయన ఒంట్లోకి ఎక్కింది.

సాయంత్రం డాక్టరమ్మ చెప్పింది. "నత్తల్లోంచి వచ్చిన పురుగులు చర్మంలోంచి దూరి రక్తనాళాల్లో కాపురం పెడతాయమ్మా. మగది ఆడదాన్ని పొదువుకుని ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. వాటి గుడ్లు కార్జంలో ఇరుక్కుంటాయి. దారి మూసుకుపోయేసరికి నెత్తురు వెనక్కి తన్ని, గొంతు కిందున్న నాళాల్లోకి మళ్ళింది. అవి ఉబ్బి ఉబ్బి పగిలాయి. గొట్టం దించి, పగిలినచోట చిన్న రబ్బరు చుట్టు వేసి కట్టేశాం."

వాళ్ళూ కట్టారన్నమాట.

"అవి ఎన్నేళ్ళుగా ఉన్నాయి?" అని అడిగాను.

"పదేళ్ళయినా ఉండొచ్చు."

మా పెళ్ళయి పదకొండేళ్ళు. నాకు వాటి మీద కోపం రాలేదు. ఇన్నాళ్ళూ ఆయన పొట్ట మీద చెవి పెట్టి పడుకున్నాను. లోపల ఆ వెచ్చటి చీకట్లో అవి కూడా ఒకదాన్నొకటి వదలకుండా పడుకున్నాయి. మేం ఆ ఇంట్లో ఒంటరిగా లేమన్నమాట.

దారాలు విప్పి నేను చుట్టుకున్నానని వదిన మీ దగ్గరికి వచ్చింది. మీ కబురు వస్తే ఆయన్ని ఆసుపత్రిలో వదిలి వచ్చాను. ఆయన ఇంకా కళ్ళు తెరవలేదు. దారాలు సాక్ష్యంగా కోసి తీసుకోవాలని మీరన్నారు. కత్తెర బల్ల మీద పెట్టారు. నేను వదిన వైపు చేయి చాపి, "ఇవి నువ్వు కట్టుకుంటావా వదినా? విప్పి ఇస్తాను. ఆయన లేచేదాకా ఎవరో ఒకరు ఉంచుకోవాలిగా" అన్నాను. వదిన చేతులు వెనక్కి దాచుకుంది. మళ్ళీ తనే "వాటిలో నాది ఉందా?" అని అడిగింది. చూపించాను. చివర మూడు ముళ్ళు వేసి ఉన్నది వదినదే. దాన్ని వేలితో ముట్టుకుని ఏడ్చింది. మీరు కత్తెర సొరుగులో పెట్టేశారు. మీ మణికట్టుకు కూడా పాత దారం ఒకటి ఉంది, నేను చూశాను.

రెండు గంటలకు పాక్సే వెళ్ళే బస్సుకు నన్ను పంపండి. ఆయన లేచాక ఇవి ఆయనకు తిరిగి కట్టాలి.

మీరు రాసింది నాకు చదివి వినిపించారు. అందులో నేను అననిది లేదు, అన్నదాంట్లో అబద్ధం లేదు. దారాలున్న చేతి బొటనవేలితోనే ముద్ర వేస్తున్నాను. ఇది మా ఇద్దరి ముద్ర.

(బువావన్ వేలిముద్ర)