నలభై మీద నిలవని జీపు

పినపాక నుంచి మణుగూరు పోయే దారిలో ఆటో ఎలక్ట్రీషియన్ ఆజం రేకుల షెడ్డు. శుక్రవారం నమాజు చేసి వచ్చి ఇంకా అన్నం గిన్నె మూత తీయలేదు, పగిడయ్య చిన్న జీపు మళ్ళీ వచ్చి ఎదురుగా ఆగింది. దాన్ని చూడగానే ఆజం గిన్నె పక్కకు నెట్టాడు.

"మళ్ళా ఊడిందా?"

"మళ్ళా ఊడింది, ఆజం భాయ్."

"ఏడ?"

"అశ్వాపురం దాటి ఫర్లాంగు పోలే. నలభై మీద పెట్టి బటన్ నొక్కిన. పట్టినట్టే పట్టింది, టక్కున వదిలేసింది."

"ఒక్కసారేనా?"

"ఒక్కసారికైతే నీ మొఖం చూడనీకి ఎందుకొస్త? ఏడెనిమిది సార్లు."

"మూడోసారి, పగిడయ్యా! ఇరవై యేండ్ల నుంచి వైర్లు గుంజుతున్న. లారీలు, ట్రాక్టర్లు, కోత మిషన్లు. ఒక్క పనికి మూడోసారి నా షెడ్డుకు తిరిగొచ్చిన బండి లేదు. నా ఇజ్జత్ తీస్తుంది గీ జీపు."

"నీ తప్పేం లేదు భాయ్. ఆ క్రూజ్ కంట్రోల్ డబ్బానే నకిలీది కావొచ్చు."

"నకిలీదైతే నాకెట్ల పట్టింది? పోయినసారి నేను నడిపి చూపెట్టలేదా? పక్కన కూసున్నది నువ్వే. ఈడి నుంచి మణుగూరు దాకా పట్టిందా లేదా?"

"పట్టింది."

"ఎక్సలేటర్ మీంచి కాలు తీసి ఊకనే కూసున్ననా లేదా?"

"కూసున్నవ్. గదే నాకు సమజైతలేదు. నీ కాలికి పడతది, నా కాలికి ఊడుతది."

"డబ్బాకు ఎవరి కాలో తెలుస్తదా? దానికి తెలిసినయి మూడే. చక్రం ఎంత జోరుగ తిరుగుతుంది, బ్రేకు తొక్కిండ్రా, క్లచ్ తొక్కిండ్రా. తొక్కకపోతే నలభై అంటే నలభై మీదనే ఉంచుతది. తొక్కితే వదిలేస్తది. గంతే దాని దిమాక్."

"మరి ఆ బ్రేకు వైరు కోసెయ్యి."

"ఏందీ?"

"బ్రేకు వైరుతోటే గదా లొల్లంత. అది కోసేస్తే ఇగ ఊడదు."

"ఊడదు. ఎడ్లు అడ్డమొచ్చినా ఊడదు. నువ్వు బ్రేకు తొక్కుతుంటే అది ఎక్సలేటర్ గుంజుతనే ఉంటది. మంగళవారం మంగళవారం జీపుల ఎవరిని ఎక్కించుకుంటవ్ నువ్వు?"

"వాగవతల గూడేల, గుంపుల ఆడోళ్ళను."

"ఎట్లాంటి ఆడోళ్ళను?"

"నీకు తెల్వదా? కడుపుతోటున్నోళ్ళను. భద్రాచలం దవాఖానాకు, స్కానింగుకు."

"మరి ఆ మాట నోటికెట్ల వచ్చింది?"

"పరేషాన్ల వచ్చింది. పోనీ, వదిలెయ్యి."

"ఏం వదిలేస్త? మొదటి దినమే అడిగిన నిన్ను. నీ బండి తిరిగేది వాగులల్ల, ఇసుకల, రాళ్ళల్ల. పెద్ద రోడ్లకు పెట్టుకునే సామాను నీకెందుకని."

"మణుగూరు నుంచి సారపాక దాకా రోడ్డు మంచిగనే ఉంది గదా. జెర పెట్రోల్ మిగులుతదని."

"మొదటి దినం నడుము నొప్పి అన్నవ్."

"నడుము నొప్పి గూడ ఉంది."

"రెండోసారి వచ్చినప్పుడు మోకాలు అన్నవ్."

"నువ్వు ఎలక్ట్రీషియన్‌వా, పోలీసోనివా?"

"ఏందన్నా, మీ ఇద్దరి లొల్లి సంత దాకా వినపడుతుంది!"

"రా జంపక్కా, రా. నీ మొగడు నా పానం తింటున్నడు. సంతల ఏం కొన్నవ్ చెల్లె?"

"ఏం కొంట? ఈయనకు చెప్పులు. గీ మూడు నెలలల్ల మూడో జత. చెప్పులమ్మే నాగలక్ష్మి నవ్వుతుంది, నీ మొగడు చెప్పులు తింటడా ఏంది అని."

"తెగిపోతున్నయా?"

"తెగితే కుట్టిస్త. పోతున్నయి. అది గూడ కుడిచెప్పే. ఎడమవి రెండు ఇంట్లనే ఉన్నయి, పక్కపక్కన పెట్టిన."

"జీపు దిగేటప్పుడు ఎక్కడనో జారిపోతయే. గంత దానికి ఊరంతా చెప్పాల్నా?"

"జారితే మనిషికి తెల్వదా? నాకైతే తెలుస్తది."

"తే ఇటు, తొడుక్కుంట. అయిపాయె గదా? భాయ్, నువ్వు డబ్బా సంగతి చూడు."

"చూస్త. మొన్న మంగళవారం ఎట్ల చేసిందో చెప్పు ముందు."

"మొన్న మంగళవారం నేను నడపలే. కొత్త టైర్లు చూసొస్తనని ఖమ్మం పోయిన, రెండు దినాలు. డ్రైవర్ రాంబాబు వస్తడు, తాళం ఇయ్యి అని దీనికి చెప్పి పోయిన."

"మరి రాంబాబుకు పట్టిందా, ఊడిందా?"

"అడగలే. వాడు దొరుకుతలేడు."

"ఫోన్ చెయ్యి."

"అన్నా, నువ్వు అన్నం తిన్నవా? గిన్నె మూత గూడ తీసినట్టు లేదు."

"ఏడ తిననిచ్చిండు చెల్లె?"

"భాయ్, ఇంకో పని గూడ ఉంది. సీటు లాక్ చూడు జెర. ఖమ్మం నుంచి వచ్చి ఎక్కేసరికి ముందుకు జరిగి ఉంది. మోకాళ్ళు స్టీరింగుకు కొట్టుకున్నయి."

"రాంబాబు పొట్టోడా?"

"నాకంటే బెత్తెడు పొడుగు."

"అయితే లాక్ పోయినట్టే. అది తర్వాత. ఇయ్యాల గీ కథ తేల్చాలె. గీ చిన్న బల్బు చూడు. బ్రేకు వైరుకు కట్టి స్టీరింగు పక్కన వేలాడదీస్తున్న. బ్రేకు మీద ఈగ వాలినా వెలుగుతది. నువ్వు నడుపు. నేను పక్కన కూసుంట."

"నువ్వే నడపరాదు?"

"నాకు పడతదని తెల్సు గదా! ఎక్కు. జంపక్కా, ఎన్క కూసో. నువ్వు గూడ సాక్షం ఉండు. రేపు ఈయన నా మీద నెట్టకుండ."

*

మణుగూరు రోడ్డు. ముందు సీట్లలో ఇద్దరూ, వెనక జంపక్క.

"నలభై వచ్చింది."

"బటన్ నొక్కు."

"నొక్కిన."

"ఎక్సలేటర్ మీంచి కాలు తియ్యి."

"తీసిన. పట్టింది భాయ్! చూడు, పట్టింది."

"మాట్లాడకు. రోడ్డు చూడు."

"మంచిగ పోతుంది. గీ ఒక్కసారి..."

"వెలిగింది."

"ఊడింది! చూసినవా? నీ కండ్ల ముందరనే ఊడింది. నేనేం చెయ్యలే!"

"బ్రేకు తొక్కినవ్."

"తొక్కలే."

"బల్బు వెలిగింది, పగిడయ్యా."

"నీ బల్బు ఖరాబైంది."

"బల్బు పొద్దున కొన్న."

"కాలు కింద పెట్టిన నేను. రబ్బరు పట్టా మీద పెట్టిన. నా కాలు నాకు తెల్వదా?"

"మరి ఇంకా ఎందుకు వెలుగుతుంది?"

"నన్నడుగుతవేంది? వైర్లు కట్టింది నువ్వు. మూడుసార్లు కట్టినవ్. మూడుసార్లూ గిట్లనే!"

"నోరు బంద్ చేసి బండి పక్కకు ఆపు."

"ఆపుతున్న."

"ఎటు చూస్తున్నవ్? కిందికి చూస్తవేంది? రోడ్డు చూడు, రోడ్డు! అరే, బర్రెలు! తొక్కు!"

"తొక్కిన! తొక్కిన. ఆగింది గదా. ఏం కాలే."

"ఏం కాలేదా? తోబా! కాలును కండ్లతోటి చూసుకొని బ్రేకు తొక్కేటోన్ని పుట్టి ఇన్నేండ్లకు ఇయ్యాలనే చూస్తున్న."

"ఎక్కువ చెయ్యకు."

"ఇంజన్ బంద్ చెయ్యి. గట్లనే కూసో, కదలకు. కిందికి చూడకు, ముందుకే చూడు. కుడికాలు ఇప్పుడు ఏడుంది?"

"కిందుంది."

"కింద అంటే?"

"పట్టా మీద. ఎన్నిసార్లు చెప్పాలె?"

"జంపక్కా, నువ్వు ముందుకు ఒంగి చూసి చెప్పు."

"బ్రేకు మీదనే ఉందన్నా."

"అబద్ధం!"

"అబద్ధం నేనెందుకు చెప్తనయ్యా? బొటనవేలు, పక్కవేలు, రెండూ బ్రేకు మీదనే ఉన్నయి."

"మీరిద్దరు ఒక్కటై నన్ను పిచ్చోన్ని చేస్తుండ్రు."

"కిందికి చూడకన్న గదా. ఇప్పుడు నేనేం చేస్తున్ననో చెప్పు."

"ఒంగినవ్. బ్రేకు కింద ఏదో వెతుకుతున్నవ్."

"నీ కాలి చిటికెన వేలు గిల్లుతున్న."

"ఎప్పుడు?"

"నువ్వు అబద్ధం అన్నకాడి నుంచి. గోరు దిగింది చూడు. రక్తం గూడ వచ్చింది."

"తిమ్మిరెక్కింది. కూసుంటే ఎక్కదా? ఎవరికైనా ఎక్కుతది."

"కొత్తచెప్పు ఏడుందయ్యా?"

"నువ్వొకదానివి మధ్యల! కాలికే ఉంది."

"లేదు. ఇగో, నా చేతుల ఉంది. ఎక్కేటప్పుడు షెడ్డు కాడనే జారి పడ్డది. నీకు తెలుస్తదేమో, నువ్వే దిగి తీసుకుంటవేమో అని చూసిన. తెల్వలే."

"ఎన్ని దినాలాయె, పగిడయ్యా?"

"ఇప్పపువ్వు ఏరేటప్పటి నుంచి. మొదలు వేళ్ళు. తర్వాత పాదం. ఇప్పుడు దూది తొక్కినట్టే ఉంటది, ఏది తొక్కినా. ఇంజన్ సప్పుడు విని ఎక్సలేటర్ తొక్కుతున్న భాయ్. బ్రేకుకు సప్పుడు ఉండదాయె."

"దవాఖానాల చూపించుకోలేదా?"

"చూపించుకున్న. ఖమ్మం పోయింది టైర్లకు కాదు. షుగరున్నదన్నరు. నరాలు పోయినయన్నరు. గోళీలిచ్చిండ్రు. బండి నడపొద్దన్నరు."

"వద్దన్నంక గూడ స్టీరింగు పట్టుకున్నవా? నువ్వు మనిషివేనా?"

"మరి ఎవరు పట్టుకోవాలె, చెప్పు! మా దిక్కు వాగుల దిగి ఎక్కే బండి గిదొక్కటే. గంగక్క కోడలికి ఎనిమిదో నెల. హేమ్లికి మొదటి కాన్పు, ఒంట్ల రక్తం లేదు. నా కాలు పనిచేస్తలేదు, మీరు నడుచుకుంట పోండ్రి అని చెప్పాల్నా? కాలే గదా తప్పు చేసేది, కాలుతోటి పని లేకుండ చేద్దామనుకున్న. డబ్బా పెడితే కాలు ఓ పక్కన పడి ఉంటదనుకున్న."

"పడి ఉన్నదా? పోయి బ్రేకు మీద కూసుంది. డబ్బా ఖరాబ్ కాలేదయ్యా. మూడుసార్లు అది నీ సంగతే చెప్పింది. నేనే దిమాక్ లేనోని లెక్క వైర్లు మార్చుకుంట కూసున్న."

"భాయ్..."

"ఆ బ్రేకు వైరు కోసెయ్యమన్నవ్ చూడు, నిన్ను తిట్టిన గాని, నా మనసుల గూడ ఒక్క నిమిషం వచ్చింది ఆ మాట. ఆకలి మీద, విసుగు మీద. కోసేస్తే గీ పీడ పోతది, నేను రెండు ముద్దలు తింట అని. కోసి ఉంటే? నలుగురు కడుపుతోటి ఆడోళ్ళు ఎన్క కూసుంటే?"

"ఎవ్వరికి చెప్పకు భాయ్. నీ కాళ్ళు మొక్కుత."

"నా కాళ్ళు తర్వాత మొక్కు, ముందు నీ కాలు చూసుకో. తాళం ఇటియ్యి."

"మంగళవారం..."

"తాళం ఇయ్యి అంటున్న. రాంబాబును పెట్టుకో."

"వాడు ఇసుకల ఒక్కసారి దిగబడితే మళ్ళా ఆ దిక్కు రాడు. ఎవ్వరు రారు భాయ్. అందరిని అడిగిన."

"అయితే నేనేం చెయ్యాలె? తెల్సి తెల్సి నిన్ను కూసోబెట్టాల్నా? బండి నా షెడ్డులనే ఉంటది. డబ్బా పీకేస్త. వాపసు పంపుకో. సీటు లాక్ ఒక్కటి బాగు చేసి పెడత, ఎవరన్న నడిపేటోడు దొరికితే వచ్చి తీస్కపో."

"డబ్బా పీకకు అన్నా."

"ఇంకా ఎందుకు చెల్లె? చూసినవ్ గదా, ఈయన కాలికి అది పట్టదు."

"ఈయనకని కాదు. సీటు లాక్ గూడ ముట్టకు. దానికేం కాలే."

"మరి ముందుకెట్ల జరిగింది?"

"జరిపితే జరిగింది."

"ఎవరు జరిపిండ్రే? రాంబాబా?"

"మొన్న మంగళవారం రాంబాబు రాలేదయ్యా. ఫోన్ ఎత్తలే. పొద్దు పొడవకముందే ఆడోళ్ళు నలుగురు వచ్చి మన వాకిట్ల కూసున్నరు. హేమ్లి రాత్రంతా నడిచొచ్చిందట. ఏం చెయ్యాలె నేను?"

"ఏం చేసినవ్?"

"పుట్టింట్ల మూడేండ్లు ట్రాక్టర్ నడిపిన, లైసెన్సు గూడ అప్పుడే తీసిన. నీకు తెల్సు, మర్చిపోయినవ్. నా కాళ్ళు అందలే, సీటు ముందుకు గుంజుకున్న. వాగుల మెల్లగ దిగి మెల్లగ ఎక్కించిన. ఆజమన్నా, అశ్వాపురం దాటినంక నలభై మీద పెట్టి ఆ బటన్ గూడ నొక్కిన. సారపాక దాకా ఊడలే."